ఏలూరు చేరవలసిన కారు

బాపట్ల,
21-9-1969

చి. యలమందకు,

నీ ఉత్తరం నిన్న అందింది. మీ అక్క పోయి ఏడు నెలలైంది. ఆ తర్వాత నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరం ఇది. అందులో సరోజిని పేరు లేదు. నా ఆరోగ్యం గురించి ఒక వాక్యం, నీ రైసుమిల్లు గురించి ఒక వాక్యం, ఆ తర్వాత రెండు పేజీల నిండా నీ చిన్న కారు. అది అసలు ఎంత వేగం పోగలదు, ఆ వేగాన్ని నిర్ణయించేది ఏమిటి, పెంచడం ఎలా అని అడిగావు. కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి కాబట్టి నాకు తెలుస్తుందన్నావు.

తెలుసు. రాస్తాను.

సాయంత్రం సముద్రపు గాలి వీస్తున్నప్పుడు సూర్యలంక రోడ్డు మీద సైకిలు తొక్కినవాడికి ఇందులో సగం తెలిసే ఉంటుంది. మెల్లగా తొక్కితే గాలి సంగతే తెలియదు. వేగం పెంచేకొద్దీ ఎదురుగా ఎవరో రెండు చేతులతో ఆపుతున్నట్టుంటుంది. కారుకూ అంతే. వేగం రెట్టింపైతే గాలి నాలుగు రెట్లు వెనక్కి నెడుతుంది. ఆ నెట్టుడుకు ఎదురు నిలిచి అదే వేగంతో పోవాలంటే ఇంజను ఎనిమిది రెట్ల శక్తి ఇవ్వాలి. ఇక ఇవ్వడానికి ఇంజను దగ్గర ఏమీ మిగలని చోట కారు వేగం పెరగడం మానేస్తుంది. అదే దాని గరిష్ఠ వేగం. కారు ముందు భాగం వెడల్పు, గేర్లు, టైర్లు ఆ హద్దును కొంచెం అటూ ఇటూ జరుపుతాయి. అంతే.

నీది చిన్న ఇంజను. కొత్తలో, నున్నటి రోడ్డు మీద, ఎదురుగాలి లేకుండా గంటకు డెబ్బై మైళ్లు పోయి ఉంటుంది. ఇప్పుడు అరవై ముట్టుకుంటే గొప్ప.

ఇది నీ ప్రశ్నకు జవాబు. నాకూ ఒక ప్రశ్న ఉంది. రేపల్లెలో ఉన్న మనిషి అరవై మైళ్ల వేగంతో వెళ్లవలసిన చోటు ఏది?

అత్తయ్యకు నా నమస్కారాలు చెప్పు.

పూర్ణచంద్రరావు

*

రేపల్లె,
12-10-1969

బావగారికి నమస్కారాలు.

మీరడిగిన చోటు తెనాలి.

చెప్పడానికి ఇన్నాళ్లూ నోరు రాలేదండి. శకుంతలకు ఆరో నెల. మీ ఇంట్లో అంత పని జరిగిన ఏడే మా ఇంట్లో ఈ కబురు ఏంటని నాకే సిగ్గుగా ఉంది. పుష్యమాసంలో పురుడు వస్తుందంటున్నారు.

అక్కను పురిటికి తీసుకొచ్చింది నేను. తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లిందీ నేనే. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికే కారు బయటికి తీశానండి. దారి పొడుగునా కాలు అడుగంటా నొక్కే ఉంచాను, ముల్లు నలభై దగ్గర నిలబడిపోయింది. అక్క వెనక సీట్లో అమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. వేమూరు దాటేదాకా మాట్లాడుతూనే ఉంది. తర్వాత మాట్లాడలేదు. ఇప్పుడు మిల్లులో కూచున్నా, అన్నం తింటున్నా నా కంటికి ఆ ముల్లే కనిపిస్తోంది. అది అరవై చూపించి ఉంటే అని.

తెనాలి మెకానిక్ జ్ఞానానందం దగ్గరికి వెళ్లాను. "ఇది మీ మిల్లు మోటారు కాదండీ, బెల్టు మార్చి పరిగెత్తించడానికి" అన్నాడు. బతిమాలితే, ఇంజను సిలిండర్లకు బోరు కొట్టి కొత్త పిస్టన్లు వేస్తే యాభైకి తన పూచీ, ఆ పైన ప్రభువు దయ అన్నాడు. ఆ పని చేయిస్తున్నాను. బరువు తగ్గుతుందని వెనక సీటు కూడా ఊడదీశాను.

శకుంతలను పుట్టింటికి పంపుదామంటే అక్కడ తల్లి లేదు, అన్నదమ్ములే. అదీ కృష్ణానది మధ్య లంకలో, పడవెక్కి పోవాలి. నెల ముందే తెనాలిలో ఇల్లు తీసుకుందామంటే అమ్మ ఆ ఊరి పేరెత్తనివ్వదు. "నా పిల్లను నిలువునా తీసుకెళ్లి" అంటుంది, ఆ పైన మాట రాదు. ఇక మిగిలింది కారేనండి.

ఒకటి అడుగుతాను, కోప్పడకండి. ఆ రోజు మీరు వచ్చాక డాక్టరమ్మ మిమ్మల్ని గదిలోకి పిలిచి ఏదో చెప్పింది. ఏమందండి?

మీ
యలమంద

*

బాపట్ల,
20-10-1969

చి. యలమందకు,

శకుంతల కబురు సంతోషం. సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

వెనక సీటు ఊడదీశావు. మరి నొప్పులు వచ్చిన మనిషి ఎక్కడ పడుకుంటుంది?

బరువు తగ్గిస్తే కారు తొందరగా వేగం అందుకుంటుంది. చదును రోడ్డు మీద గరిష్ఠ వేగం మాత్రం పెద్దగా మారదు. గాలి నీ సీటును తూచి నెట్టదు. పైగా వెనక భాగం తేలికైతే, బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలు నేలను సరిగా పట్టుకోవు. ఇది పుస్తకంలో మాట కాదు. దయచేసి సీటు మళ్లీ పెట్టించు.

రేపల్లె నుంచి తెనాలికి ఇరవయ్యొక్క మైళ్లు. యాభైతో పోతే పాతిక నిమిషాలు, అరవైతో పోతే ఇరవయ్యొకటి. నీ ఇంజను శక్తిని ముప్పాతిక వంతు పెంచితే, ఆ దారంతా ఒక్క ఎద్దు అడ్డం రాకపోతే, నీకు దొరికేది నాలుగు నిమిషాలు. వేగం రెట్టింపైతే ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. అది కూడా లెక్కలో వేసుకో. మీ రోడ్డుకు ఒక పక్క కాలువ ఉంది.

నా ఇల్లు ఖాళీగా ఉంది. రెండు వీధుల అవతల లేడీ డాక్టరు ఉంది. శకుంతలను, అత్తయ్యను మార్గశిరంలోనే ఇక్కడికి తీసుకొచ్చి దించు. ఏడు తిరగని ఇల్లని అత్తయ్య ఒప్పుకోరని తెలుసు. అయినా అడుగు.

పూర్ణచంద్రరావు

*

బాపట్ల,
21-11-1969

చి. యలమందకు,

నెలైంది. జవాబు లేదు.

వీధిలో పోస్టుమాన్ బెల్లు వినిపిస్తే లేచి నిలబడుతున్నాను. అతను ముందుకు వెళ్లిపోతే కూర్చుంటున్నాను. నిన్న టెలిగ్రాం పట్టుకుని నా గుమ్మం ముందు ఆగాడు. అది పక్కింటివారిది.

ఒక కార్డు ముక్క రాయి. కారు సంగతి వద్దు. అందరూ ఉన్నారని రాయి.

పూర్ణచంద్రరావు

*

రేపల్లె,
8-12-1969

అన్నయ్యగారికి,

శకుంతల నమస్కరించి రాసేది. నేను రాస్తున్నట్టు ఆయనకు తెలియదు. మీ ఉత్తరాలు మాత్రం ఆయన నాకు చదివి వినిపిస్తారు. డాక్టరమ్మ ఏమందో మీరు రాయలేదని మాటిమాటికీ అంటారు.

అందరం ఉన్నాం. శనివారం పోవలసినవాళ్లం.

కారు జ్ఞానానందం దగ్గర్నుంచి వచ్చింది. నన్ను కూచోబెట్టుకుని తెనాలి దాకా పోయి రావాలన్నారు. నేనెందుకండీ అంటే, "నీ బరువుతో ఎంత పోతుందో చూడాలి" అన్నారు. "బస్తా పెట్టుకోండి" అన్నాను. నవ్వలేదు. అత్తయ్య వాకిట్లోకి వచ్చి నిలబడి చూసింది. ఈ మధ్య ఆవిడ దేనికీ అడ్డం చెప్పడం లేదు.

భట్టిప్రోలు దాటి కాలువ కట్ట ఎక్కాక పోనిచ్చారు. కిటికీలు గడగడలాడుతున్నాయి. నేను రెండు చేతులతో కడుపు పట్టుకుని కూచున్నాను. "యాభై దాటింది, చూడు చూడు" అంటున్నారు. చిన్నపిల్లాడి మొహంలా ఉంది. మలుపు తిరగ్గానే ఎదురుగా వరిగడ్డి బండి. రోడ్డంతా అదే. బ్రేకు వేశారు. నేల మీద రాలిన గడ్డి మీద కారు జారింది. వెనక భాగం పక్కకు తిరిగిపోయింది, మీరు రాసినట్టే. ఆగి చూస్తే నా వైపు కింద నేల లేదు. కాలువ ఉంది. ముందు చక్రం గాలిలో తిరుగుతోంది.

బండివాడు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆయన వైపు నుంచి దింపాడు. "ఎంత తొందరమ్మా మీకు, పురుడా?" అన్నాడు. "ఇంకా లేదు బాబాయ్" అన్నాను. ఆయన రోడ్డు పక్కన కూచుని వాంతి చేసుకున్నారు.

ఇంటికి వచ్చాక ఇక మానేస్తారనుకున్నాను. ఆదివారం మళ్లీ జ్ఞానానందం దగ్గరికి వెళ్లారు, బ్రేకులు బాగు చేయించి ఇంకోసారి చూద్దామని. అన్నయ్యగారూ, నాకు పురుడంటే భయం లేదు. ఆ కారంటే భయం. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా ఆ చక్రం గుర్తొస్తోంది. ఆయన మీ మాట ఒక్కటే వింటారు.

ఆ రోజు వదినగారికి కారు వల్ల ఆలస్యం కాలేదు. ఇంతకంటే నేను రాయకూడదు.

మీ చెల్లెలు
శకుంతల

*

బాపట్ల,
12-12-1969

చి. యలమందకు,

శకుంతల నాకు రాసింది. ఆమెను ఏమీ అనకు. ఆమె రాయకపోతే నేను కాలువ గురించి పేపర్లో చదువుకునేవాణ్ణి.

నీకు పాఠం చెబుతూ వచ్చాను గానీ, అసలు లెక్క నేనూ వేయలేదు. వేయడానికి ధైర్యం చాలలేదు. నిన్న వేశాను. పొద్దున తొమ్మిదింటికి కారు బయటికి తీశానని రాశావు. ముల్లు నలభై మీద ఉందన్నావు. ఆసుపత్రికి మీరు వచ్చేసరికి పదకొండు దాటిందని డాక్టరు నాతో చెప్పారు. నలభై మైళ్ల వేగంతో రెండు గంటలంటే ఎనభై మైళ్లు. నువ్వు తెనాలి దాటి, విజయవాడ దాటి, ఏలూరు చేరి ఉండాలి.

నువ్వు తెనాలిలోనే ఆగావు.

నీ కారుకు ఆ దూరం అరగంట పని. పైన మరో గంట పైచిలుకు ఉంది. అది రోడ్డు మీద గడవలేదు. ఎక్కడ గడిచింది?

నువ్వు అబద్ధం చెప్పావని అనడం లేదు. కారు తొమ్మిదింటికే బయటికి తీశావు. అంతవరకే రాశావు.

ఈ ఉత్తరానికి జవాబు వచ్చేదాకా శకుంతలను కారెక్కించకు. ఇది మీ అక్క అడిగినట్టు అనుకో.

పూర్ణచంద్రరావు

*

రేపల్లె,
16-12-1969

బావగారికి,

వర్జ్యం.

అక్కకు పొద్దున్నే రక్తం కనిపించింది. నేను పరిగెత్తి కారు తీసి వాకిట్లో పెట్టి స్టార్టు చేశాను. అమ్మ క్యాలెండరు చూసింది. పదిన్నర దాకా వర్జ్యం. తొలి కాన్పు, నిండు మనిషి, వర్జ్యంలో గడప దాటించనంది. అక్క కూడా సరేనంది. అంత ప్రమాదమని ఎవరికీ తెలియదండి. వీధి అరుగు మీద చాప వేసి పడుకోబెట్టాం. నేను ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ అందుకోదేమోనని భయం. అది అలా కొట్టుకుంటూనే ఉంది.

అక్క నన్ను చూసి, "ఒరే తమ్ముడూ, ఇంజను ఆపరా. పెట్రోలు నీ మిల్లులో పండుతుందా?" అంది. నవ్వింది కూడా.

పదిన్నర కాగానే ఎక్కించాం. వాకిట్లోంచి కదిలేటప్పటికే అక్క పెదాలు తెల్లగా ఉన్నాయి.

అమ్మ ఆ రోజు నుంచి క్యాలెండరు వైపు చూడలేదు. ఆ మాట నాతో ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆవిడ మొహం చూస్తూ ఆ గంటన్నర గురించి ఎలా అనుకోనండి? కారు గురించయితే ఎంతయినా అనుకోవచ్చు. తిట్టుకోవచ్చు, విప్పి బాగు చేయించుకోవచ్చు. కారు వల్లే అనుకుంటే అమ్మతో కలిసి కూచుని అన్నం తినగలుగుతున్నాను.

ఇప్పుడు మీకు తెలిసింది. అమ్మను ద్వేషించకండి.

డాక్టరమ్మ ఏమందో ఇప్పటికైనా చెప్పండి.

యలమంద

*

బాపట్ల,
19-12-1969

చి. యలమందకు,

నీ ఉత్తరం చదివి కాలేజీకి వెళ్లాను. రెండు క్లాసులు చెప్పాను. ఏం చెప్పానో తెలియదు. తిరిగి వచ్చి రాస్తున్నాను.

అత్తయ్యను నేను ద్వేషించను. పోయింది ఆవిడ కూతురు. సరోజిని బాపట్లలో ఉండగా నేను కూడా ఆవిడ చెప్పిన మంచిరోజు చూసే పుట్టింటికి పంపాను.

డాక్టరు ఏమన్నారని అడుగుతూ వచ్చావు. ఆవిడ అన్నది ఇది: "ఒక గంట ముందు తెచ్చి ఉంటే తల్లినైనా దక్కించేదాన్నేమో."

గంట అన్నారు. నాలుగు నిమిషాలు అనలేదు.

నువ్వు కాలు అడుగంటా నొక్కావు. ఆ ఇంజను ఇవ్వగలిగింది ఇచ్చింది. రోడ్డు మీద నువ్వు పోగొట్టింది ఏమీ లేదు. ఈ మాట నీకు ముందే చెప్పవలసింది, గంట మాట తేకుండా ఎలా చెప్పాలో తెలియలేదు. ఆ గంట మీ వాకిట్లో, ఇంజను తిరుగుతూ ఉండగా గడిచింది. ఏ పిస్టన్లు వేసినా దాన్ని రోడ్డు మీద తిరిగి పట్టుకోలేవు. వేగం లేనిచోట వేగం పెంచాలని చూస్తున్నావు.

ఇది అత్తయ్యకు చదివి వినిపించకు.

నాకు భయంగా ఉంది, యలమందా. క్లాసులో బోర్డు మీద కారు బొమ్మ గీసి గాలి బాణాలు వేస్తుంటే, అందులో కూర్చున్న మనుషులు కనిపిస్తున్నారు. సరోజిని తరఫున నాకు మిగిలింది మీరు ముగ్గురు. ఇప్పుడు నలుగురు కాబోతున్నారు. శకుంతలను ఇక్కడికి తీసుకురా. అత్తయ్యను ఎలా ఒప్పిస్తావో నాకు తెలియదు. ఒప్పించు.

పూర్ణచంద్రరావు

*

రేపల్లె,
26-12-1969

అల్లుడుగారికి,

అత్తయ్య చెబుతుంటే శకుంతల రాస్తోంది. ఒక్క మాట కూడా మార్చవద్దని ఎదురుగా కూచుంది.

నాయనా, నాకు చదువు రాదు గానీ ఉత్తరం వచ్చినప్పుడు మొహాలు చదవడం వచ్చు. మీ ఉత్తరం చదివి నా కొడుకు నా వైపు చూడకుండా మిల్లుకు పోయాడు. వాడి చొక్కా ఉతకడానికి వేస్తే జేబులో ఉంది. శకుంతలను చదవమన్నాను. "వద్దత్తయ్యా, మామూలు క్షేమసమాచారం" అంది. "అయితే ఆ మామూలే చదువు" అన్నాను. గంట అన్నచోట ఆగింది. ఇంకోసారి చదివించుకున్నాను.

నాకు తెలియదని వాడు అనుకుంటున్నాడు గానీ ఎప్పుడో తెలుసు. వేమూరు దాటాక పిల్ల చెయ్యి చల్లబడ్డప్పుడే తెలుసు. పది నెలలుగా నా కొడుకు ఆ కారును విప్పుతుంటే, బిగిస్తుంటే చూస్తున్నాను. నా కోసం విప్పుతున్నాడని తెలుసు. నోరు విప్పి, ఒరే అది కారు కాదురా అని చెప్పలేకపోయాను. ఆ రోజు నేను భయపడి ఆపాను. ఇప్పుడు వాడు భయపడి తోలుతున్నాడు. మొన్న కోడల్ని కాలువ దాకా తీసుకెళ్లాడు. ఇక చాలు.

ఏడు తిరగని ఇంటికి నెలలు నిండిన మనిషిని తీసుకెళతారా అని వీధిలో వాళ్లు అప్పుడే అంటున్నారు. అననివ్వండి. అది నా కూతురు కాపరం చేసిన ఇల్లు. అక్కడ దాని పొయ్యి ఉంటుంది, దాని గిన్నెలు ఉంటాయి. నేను వండుతాను. మీరు చిక్కిపోయి ఉంటారు.

బుధవారం వస్తున్నాం. పక్కింటావిడను అడిగి క్యాలెండరు చూపించుకున్నాను. ఆ పొద్దున వర్జ్యం ఉంది. ఉన్నదనే ఆ పొద్దు పెట్టుకున్నాను. వర్జ్యంలోనే గడప దాటతాం. నేను ముందు దాటతాను, నా వెనక కోడలు. నా కాళ్లు వణుకుతాయి. వణకనీ.

వెనక సీటు నా కొడుకు మళ్లీ బిగించాడు. ముల్లు ఇరవై దాటిందంటే దిగి నడిచిపోతానని చెప్పాను. "బాపట్ల దాకానా?" అన్నాడు. "నీకంటే ముందే పోతాను" అన్నాను.

ఇంట్లో చింతపండు ఉందో లేదో రాయండి. లేకపోతే నేను తెస్తాను.

సుబ్బరత్నమ్మ

*

బాపట్ల,
18-1-1970

చి. యలమందకు,

ఆడపిల్ల. ఈ పొద్దున పుట్టింది. తల్లి, పిల్ల ఇద్దరూ బాగున్నారు. డాక్టరు దగ్గర రెండుసార్లు అడిగి రాస్తున్నాను.

నొప్పులు మొదలైనప్పుడు నేను గడ్డం గీసుకుంటున్నాను. అత్తయ్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "రిక్షా" అన్నారు. గోడ మీది క్యాలెండరు ఆవిడ వచ్చినరోజే తీసి ఎక్కడో పెట్టారు. తేదీ కావాలంటే నేను కాలేజీలో చూసుకుంటున్నాను. నేను సగం గడ్డంతో వీధిలోకి పరిగెత్తాను. రిక్షా దొరికింది. శకుంతల, అత్తయ్య ఎక్కారు, నేను పక్కన నడిచాను. దారిలో అత్తయ్య నా భుజం పట్టుకునే ఉన్నారు. ఆ వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. రిక్షా ఎంత వేగం పోతుందో నాకు తెలియదు. లెక్క వేయలేదు.

లోపలినుంచి ఏడుపు వినిపించేదాకా మేమిద్దరం బల్ల మీద కూర్చున్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. వినిపించాక అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకున్నారు. నేను బయటికి వెళ్లి మిగతా సగం గడ్డం మంగలి దగ్గర గీయించుకున్నాను. ఏదో ఒకటి చేయాలి కదా.

పిల్లకు అత్తయ్య ఒక పేరు అన్నారు. నువ్వు వచ్చాక చూద్దాం. ఆ పేరు ఇంట్లో మళ్లీ గట్టిగా పిలవడం నాకు అలవాటు కావాలి.

ఇది అందగానే బయలుదేరతావని తెలుసు. మిల్లు పని వదిలేస్తావనీ తెలుసు. కారు తీయకు. షెడ్డులోనే ఉండనీ. రైలుకు రా. తెనాలిలో బండి మారేటప్పుడు వంతెన మీద పరిగెత్తకు. ఒక బండి తప్పిపోతే తర్వాతిది ఉంటుంది.

పిల్ల ఇక్కడే ఉంటుంది. నేను చూస్తూ ఉంటాను. మెల్లగా రా.

పూర్ణచంద్రరావు